రెండో డబ్బీ

వెంకటశేషమ్మ పదిహేనేళ్లుగా ఆ ఊరి ఆశా కార్యకర్త. రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్ల చేత డబ్బీలో కళ్లె పట్టించి, పేరు రాసిన చీటీ అంటించి, బస్సులో ఆస్పత్రి ల్యాబ్‌కు తీసుకెళ్లడం ఆమె పనుల్లో ఒకటి. మనిషికి రెండు డబ్బీలు. ఒకటి అప్పటికప్పుడు, రెండోది మర్నాడు నిద్ర లేవగానే.

పట్టించేటప్పుడు గాలి తన వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలని శిక్షణలో చెప్పారు. సముద్రం పక్క ఊరు కాబట్టి మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది. మొదట్లో గాలితోపాటు ఆమె కూడా తిరిగేది. మోకాళ్లు అరిగాక ఎక్కడ కూర్చుంటే అక్కడే.

ఇప్పుడు ఆమెకే ఇరవై రోజులుగా దగ్గు. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూతురు వాణి బాలింత. నలభై రోజుల పాపను కాళ్ల మీద వేసుకుని రోజూ నీళ్లు పోసేది వెంకటశేషమ్మే.

రొయ్యల గుంట కాపలా ముత్యాలయ్య మొదటి డబ్బీ ఇచ్చాడు. మర్నాడు రెండో డబ్బీ కోసం గుంట గట్టు దాకా నడిచి వెళితే విసుక్కున్నాడు.

"తిప్పంగానే రావడానికి నేనేమన్నా కుళాయినా శేషమ్మా? నిన్న ఇచ్చిందే రెండిట్లో పోసుకో పో."

తిరిగి వస్తూ బస్సు కోసం ఆగినచోట ఆమెకు దగ్గు తెర వచ్చింది. ముత్యాలయ్య పేరు అంటించిన ఖాళీ డబ్బీ సంచిలో ఉంది. తన పేరు రాస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఏ బాలింత ఇంట్లోకీ రానివ్వరు. దుమ్ము దగ్గే అయ్యుంటుంది. రెండూ బాగున్నాయని వస్తే ఇద్దరి పనీ ఒకేసారి తీరిపోతుంది. మూత తీసి, అందులోనే ఉమ్మింది.

మూడో రోజు ఆమె పాపకు నీళ్లు పోస్తుండగా ల్యాబ్ టెక్నీషియన్ యాసీన్ ఫోన్ చేశాడు. వాణి స్పీకర్ నొక్కి పట్టుకుంది.

"అక్కా, మీ ముత్యాలయ్యది చిత్రంగా ఉండాది. మొదటి డబ్బీలో ఏమీ లేదు, రెండోదాన్నిండా టీబీ క్రిములే. రేపు పిలుచుకోని రా, మందులు మొదలుపెడదాం. ఆర్నెల్లు మింగాల."

"అయ్యో, ఆ తాతకా!" అంది వాణి.

వెంకటశేషమ్మ చెంబు కింద పెట్టింది.

"బిడ్డను తీసుకో."

"సబ్బు అట్నే ఉండాదే."

"తీసుకో మే!"

వాణి పాపను ఎత్తుకున్నాక, వెంకటశేషమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఫోన్ అందుకుంది.

"అబ్బయ్యా, ఆ రెండోది ఆయనది కాదు. నాది."



"ఏందక్కా నువ్వు? ఊరందరికీ చెప్పేదానివి!"

"అరవబాక. ఆయనకి మందులు రాయబాక, అంతే."

"మళ్లీ ఇయ్యాల నువ్వు. ఈసారన్నా నీ పేరు రాయి. ఇంట్లోవాళ్ల పేర్లు కూడా కావాల."

వాణి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. పాప వీపు మీద సబ్బు ఎండుతోంది. కాసేపటికి ఇంకో బకెట్ తీసుకుని పెరటి వైపు వెళ్లింది.

వెంకటశేషమ్మ సంచిలోంచి ఫారం తీసింది. పైన తన పేరు రాసింది. కింద, ఇంట్లో ఉండేవాళ్లన్న చోట వాణి అని రాసి ఆగింది. పాపకు ఇంకా పేరు పెట్టలేదు.

"పాప, నలభై రోజులు" అని రాసింది.