ఓడలో రెండో బంతి

మొన్న ఆదివారం సాయంత్రం మా తమ్ముడి కూతుళ్ళిద్దరికీ అన్నం వడ్డిస్తుంటే, చిన్నది గోడ గడియారం కేసి చూసి, "అత్తా, ఓడలో కూడా మనం ఈ టైముకే తినేవోళ్ళం కదా?" అంది. అవునన్నాను. పెద్దది మాత్రం పప్పులోని వెల్లుల్లి రేకలు ఏరి కంచం అంచున వరసగా పేర్చుకుంటూ కూర్చుంది. చిన్నదానికిప్పుడు ఏడేళ్ళు, పెద్దదానికి పదకొండు. ఓడ ఎక్కినప్పుడు ఐదూ తొమ్మిదీ. చిన్నదానికి ఆ ఓడంటే ఐస్‌క్రీము, నీళ్ళలో జారుడుబండ, మంచం పక్కన గుండ్రటి కిటికీ. పెద్దదానికీ నాకూ గుర్తున్నది వేరే. ఆ సంగతి మేమిద్దరం రెండేళ్ళుగా ఒకరితో ఒకరం ఎత్తలేదు.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎందుకు చేశానో ఎవరికీ అర్థం కాదు. గాజువాక అవతల ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. వండేవాళ్ళు వేరు, వడ్డించేవాళ్ళు వేరు. ఎవరు ఎన్ని గంటలకి తినాలో చెప్పడం నా ఉద్యోగం. సైరన్ మోగిందంటే ఆకలి మీదున్న మగాళ్ళు వందలమంది ఒక్కసారి తలుపు మీద పడతారు. వాళ్ళని మొదటి బ్యాచ్, రెండో బ్యాచ్ అని విడగొట్టి, సాంబారు చల్లారకుండా, బల్ల ఖాళీగా ఉండకుండా, ఎవడూ ఇంకొకడి కంచం మీద కన్నెయ్యకుండా నడిపించాను. మొదటి బ్యాచ్ టోకెన్ పట్టుకుని రెండో బ్యాచ్‌లో దూరబోయినవాణ్ణి, వాడు ఫోర్‌మన్ అయినా సరే, వెనక్కి పంపేసేదాన్ని. మా పుట్టింటివాళ్ళు తగరపువలస పక్కన పొలాలు చేసుకునేవాళ్ళు. అక్కడ పెళ్ళిళ్ళలోనూ ఇదే పద్ధతి. పిల్లల్ని మొదటి బంతిలో కూర్చోబెట్టి కడుపు నింపేస్తే, పెద్దవాళ్ళు రెండో బంతిలో నింపాదిగా కబుర్లాడుకుంటూ తింటారు. తిండి వేళలు సరిగ్గా పెడితే సగం గొడవలు పుట్టనే పుట్టవని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే రిటైరయ్యాను, ఆ నమ్మకంతోనే ఓడ ఎక్కాను.

మా తమ్ముడిది అచ్యుతాపురంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నా మరదలు ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇది ఆడపడుచుగా ఒప్పుకోవడం కొంచెం కష్టమే అయినా చెబుతున్నాను, నా మరదలు మా తమ్ముడి కంటే ఓ పిసరు ఎక్కువ మంచిది. వాళ్ళ మధ్య తేడా వచ్చింది ఒకే ఒక్క రోజు. ఆమె తండ్రి విజయనగరం దగ్గర వాళ్ళ ఊళ్ళో పోయిన రోజు మా తమ్ముడు రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నాడు. కంపెనీ రూలు ప్రకారం ఫోను గేటు దగ్గర పెట్టెలో ఉంది. బయటికొచ్చి చూసుకుని పరుగెత్తేసరికి సమాధి కూడా అయిపోయింది. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. ఎందుకు రాలేకపోయాడో అతనూ చెప్పలేదు. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉండేదని కాదు. మన ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు మాటలు మానేస్తే పిల్లల చేత మాట్లాడిస్తారు కదా, అలాగే నడిచింది. 'మీ నాన్నకి చెప్పు', 'మీ అమ్మని అడుగు'. ఆ కబుర్లు మోసేది పెద్దపిల్ల. ఒకసారి నేనక్కడుండగానే మా మరదలు వంటింట్లోంచి, "మీ నాన్నకి సెప్పు, గ్యాసు అయిపోయింది. ఈ ఇంట్లో పొయ్యి ఉన్నాదన్న సంగతైనా గుర్తున్నాదో లేదో అడుగు" అంది. పిల్ల హాల్లోకొచ్చి, "నాన్నా, గ్యాసు అయిపోయిందట. నువ్వైతే బేగి తెత్తావని అమ్మ అంతన్నాది" అంది. మా తమ్ముడు, "మీ అమ్మకి సెప్పు, ఆదివారం కూడా నాను డూటీకి ఎల్తన్నాను. నా మొకం సూడక్కర్లేదు, సుకంగా ఉండమను" అన్నాడు. పిల్ల మళ్ళీ వంటింట్లోకి పోయి, "అమ్మా, నాన్నకి ఆదివారం కూడా డూటీ అట. నిన్ను రెస్టు తీసుకోమన్నాడు" అంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదేళ్ళకే పిల్ల ఇంత నిబ్బరంగా అబద్ధాలాడుతోందని నాకు ఒళ్ళు మండింది. దాని నెత్తిన ఈ బరువేమిటని జాలీ వేసింది. ఆ రెండూ కలిసి, దీన్ని ఎలాగైనా మాన్పించాలన్న పట్టుదలగా మారాయి.

ఆ ఏడాదే మన వైజాగ్ పోర్టు నుంచి విహారానికి పెద్ద ఓడ వెళుతోందని అందరూ చెప్పుకుంటున్నారు. మూడు రాత్రులు సముద్రం మీద ఉంచి, పుదుచ్చేరి చూపించి, చెన్నైలో దింపేస్తుంది. అక్కణ్ణుంచి రైల్లో వెనక్కి. నేనే పట్టుబట్టి అందర్నీ బయలుదేరదీశాను. మా ఆయన మాత్రం సముద్రాన్ని బీచిరోడ్డు బెంచీ మీద కూర్చుని చూస్తే చాలని ఇంట్లో ఉండిపోయాడు. ఓడలో షిఫ్టుల్లేవు, ఆస్పత్రి లేదు, ఒకరి నుంచి ఒకరు తప్పించుకోవడానికి వీధి గుమ్మం లేదు. అక్కడ కూడా కలవకపోతే వీళ్ళిక కలవరని నాకు లోపల తెలుసు. రిజర్వేషన్ చేస్తున్న అమ్మాయి ఫోన్లో, రాత్రి భోజనం రెండు విడతలనీ, ఆరున్నరదొకటీ, పావు తక్కువ తొమ్మిదిదొకటీ అనీ, పిల్లలున్నవాళ్ళు ఎక్కువగా మొదటిది తీసుకుంటారనీ, అందరికీ ఒకే బల్ల వెయ్యమంటారా అనీ అడిగింది. నాకు ఆలోచించడానికి అర నిమిషం కూడా పట్టలేదు. పిల్లలిద్దరూ నేనూ మొదటి దాంట్లో, తమ్ముడూ మరదలూ ఇద్దరే రెండో దాంట్లో అని రాయించాను. మధ్యలో కబుర్లు మోసే మనిషి లేకపోతే ఎదురెదురుగా కూర్చుని నోళ్ళు విప్పక ఏం చేస్తారని నా లెక్క. ఫోను పెట్టేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు మా ఆయనకి కూడా చెప్పాను.

ఓడ కదిలినప్పుడు పిల్లలు రెయిలింగ్ పట్టుకుని గంతులేశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు, యారాడ వైపు ఇసుక ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. ఆరున్నరకి భోజనాల హాల్లోకి వెళ్ళాం. నేను కూర్చోకముందే బల్లలు లెక్కపెట్టాను, వడ్డించేవాళ్ళు ఏ తలుపులోంచి వచ్చి ఏ తలుపులోంచి పోతున్నారో చూశాను. పని తెలిసినవాళ్ళే. సాంబారు మాత్రం మా క్యాంటీన్లో అయితే వెనక్కి పంపేసేదాన్ని. మా ఇళ్ళలో అన్నం ముందు ప్రార్థన ఇంట్లోకల్లా చిన్నవాళ్ళు చేస్తారు. మా చిన్నది కళ్ళు గట్టిగా మూసుకుని, బల్ల మీదున్న ప్రతి వంటకానికీ పేరు పేరునా దేవుడికి థ్యాంక్స్ చెప్పి, ఇంకా రాని ఐస్‌క్రీముకి కూడా ముందే చెప్పేసింది. మేం తిని మెట్లెక్కుతుంటే వాళ్ళిద్దరూ కిందికి దిగుతూ ఎదురయ్యారు. మా మరదలు నీలం పట్టుచీర కట్టింది. మా తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేశాడు. పెద్దపిల్ల ఆగి వెనక్కి తిరిగి, వాళ్ళు హాల్లోకి వెళ్ళేదాకా చూసింది. నాకు మాత్రం గుండె నిండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా తమ్ముణ్ణి పట్టుకున్నాను. "ఏటి మాట్లాడుకున్నారురా?" అన్నాను. "సేప బాగున్నాదంది" అన్నాడు. "నీతోనేనా?" అంటే, "వడ్డించినోడితో" అన్నాడు. ప్రార్థన ఎవరు చేస్తారో తెలియక ఇద్దరూ కంచాల ముందు చాలాసేపు కూర్చున్నారట. చివరికి ఎవరి మనసులో వాళ్ళు చేసుకుని తిన్నారట. మొదటి రోజు కదా, రెండో రోజుకి దారిలోకొస్తారనుకున్నాను. ఆ మధ్యాహ్నమే పెద్దపిల్ల నా దగ్గరికొచ్చి, "అత్తా, నన్ను కూడా రెండోదాంట్లో ఎయ్యమని సెప్పవా?" అంది. "ఎందుకే?" అన్నాను. "ఊరికే" అంది. రెండో విడతలో పాటలుంటాయని ఎవరో చెప్పుంటారు, దానికోసం సరదా పడుతోందనుకున్నాను. "ఒకసారి రాసింది మార్చర్రా అమ్మా" అని చెప్పేశాను. నిజానికి మారుస్తారో లేదో నేను అడగనే లేదు. హాలు గుమ్మం దగ్గరే ఒక అబ్బాయి పుస్తకం పెట్టుకుని కూర్చునేవాడు, నాలుగడుగులు వేస్తే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్ళు టోకెన్ మార్చని దాన్ని, తొమ్మిదేళ్ళ పిల్ల అడిగితే మారుస్తానా? ఆ రాత్రి కూడా అది మెట్ల మీద ఆగి వాళ్ళని చూసింది. నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

మూడో రాత్రి వాళ్ళు నిజంగానే మాట్లాడుకున్నారు. నేను కోరుకున్నట్టే, ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఎవరూ లేకుండా. అది నాకు తెల్లారాక తెలిసింది. దూరంగా చెన్నై కనబడుతోంది. డెక్ మీద మా మరదలు ఒక్కతే నిలబడి ఉంటే, పెద్దపిల్లని వెంటబెట్టుకుని వెళ్ళాను. నన్ను చూసి, "వదినా, మా నాన్న పోయినప్పుడు ఎందుకు రాలేదని రాత్రి అడిగీసాను" అంది. "ఎదురుగా ఒక్కడే కూసున్నాడు కదాని అడిగీసాను. ఏటన్నాడో తెలుసా మీకు? నానొస్తే మాత్రం మీ నాన్న లేచి కూసుంటాడేటి అన్నాడు." అంతే చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే నేనేదో ఒకటి చెప్పి సముదాయించేదాన్ని. పిల్ల రెయిలింగ్ పట్టుకుని నీళ్ళలోకి చూస్తోంది. కిందికెళ్ళి మా తమ్ముణ్ణి నిలదీశాను. "నోరు జారిందక్కా. నానందామనుకున్నది అది కాదు" అన్నాడు. "మరేటి అందామనుకున్నావురా?" అంటే బ్యాగు జిప్పు అటూ ఇటూ లాగుతూ, "తెలీదక్కా, నాకలగ సెప్పడం రాదు" అన్నాడు. వాడికి రాదు. చిన్నప్పటినుంచీ రాదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? తెలిసీ వాణ్ణి ఒంటరిగా ఆ బల్ల ముందు కూర్చోబెట్టాను.

ఆ తర్వాత మేం చెయ్యని ప్రయత్నం లేదు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. మా చర్చి పాస్టరుగారు మూడుసార్లు ఇంటికొచ్చారు. మా మరదలు అందరికీ టీ ఇచ్చి, అందరి మాటా విని, మా తమ్ముడన్న ఆ ఒక్క మాటా మళ్ళీ చెప్పేది. చివరికి ఇద్దరూ విడిగా ఉండడానికే నిశ్చయించుకుని, పాస్టరుగారి గదిలోనే కూర్చుని పిల్లల విషయం తేల్చుకున్నారు. శనాదివారాలు తండ్రి దగ్గర, మిగతా రోజులు తల్లి దగ్గర. ఆదివారం సాయంత్రం తండ్రి నా ఇంట్లో దింపి వెళ్ళాలి, తల్లి నా ఇంటికే వచ్చి తీసుకెళ్ళాలి, ఇద్దరూ ఎదురుపడకూడదు. మరి వేళలు ఏం పెడదామని పాస్టరుగారు అడిగితే, ఇద్దరూ నా వైపు చూశారు. వేళలు పెట్టేది నేనే కదా. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది, ఆరున్నర అని, పావు తక్కువ తొమ్మిది అని. బయటికొచ్చి ఆటో ఎక్కాకగానీ నేనేం చెప్పానో నాకు తెలియలేదు.

మొన్న చిన్నది ఓడ మాట ఎత్తిన తర్వాత, చెయ్యి కడుక్కుని టీవీ ముందుకు పోయింది. పెద్దది కూర్చునే ఉంది. కంచం ఖాళీ అయింది, వెల్లుల్లి రేకల వరస మాత్రం అలాగే ఉంది. "అత్తా, ఆ రోజు నన్ను రెండోదాంట్లో కూకోనిచ్చుంటే బాగుండును" అంది. కోపంగా అనలేదు. పోయిన వస్తువు గురించి చెప్పినట్టు అంది. "ఉంటే ఏటి సెప్పేదానివమ్మా?" అని అడిగాను. "నాన్న రాలేకపోయాడట అమ్మా, తాత మొకం సూడలేకపోయానని ఇప్పటికీ ఏడుత్తన్నాడట అని సెప్పేదాన్ని" అంది. నా మొహంలోకి చూసి, "అది అబద్దం కాదత్తా. నాన్న నిజంగానే ఏడుత్తాడు. నాను సూసాను" అంది. ఆ పిల్ల ఏనాడూ అబద్ధం ఆడలేదని, వాళ్ళు చెప్పలేనిదే వాళ్ళ తరఫున చెప్పేదని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చెయ్యను? దాని కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి నిలబడ్డాను.

చెప్పిన వేళకి గేటు చప్పుడైంది. మా మరదలు ఎప్పట్లాగే మెట్ల దగ్గరే నిలబడి, "తిన్నారా?" అంది. "తిన్నాం" అంది పెద్దది. వాళ్ళ నాన్న ఎలా ఉన్నాడని తల్లి అడగలేదు. రెండు రోజులు అతనితో ఉండి వచ్చిన పిల్లా ఏమీ చెప్పలేదు. చెల్లెలి బ్యాగు కూడా తనే భుజాన వేసుకుని మెట్లు దిగింది. కాలం గడిచేకొద్దీ అన్నీ సర్దుకుంటాయని చర్చిలో అందరూ నాకు ధైర్యం చెబుతుంటారు. నేను సర్దిపెట్టిన కాలం మాత్రం పెట్టినచోటే ఉంది, ఆరున్నరకి ఒకరు, పావు తక్కువ తొమ్మిదికి ఒకరు.