రంపం తిరుగుతుండగా నేను చేసిన ప్రార్థన

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ముందు నా తప్పు ఒప్పుకుంటాను, ఎందుకంటే అది దాచిపెట్టి దేవుని కాపుదల గురించి మాత్రమే చెబితే ఆయన మహిమలో సగం నేను దొంగిలించినట్టవుతుంది. ఆ శనివారం ఉదయం, ఇక్కడ అమెరికాలో, నోవైలోని మా ఇంటి గరాజ్‌లో, కరెంటు రంపం గిర్రున తిరుగుతుండగా, సగం కోసిన చెక్కను చేత్తో పట్టుకుని, నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను! నేనొక్కడినే చేసినా కొంత నయం, చెక్క రెండో కొస పట్టుకున్న ప్రకాశం తమ్ముడిని కూడా కళ్ళు మూసుకోమని ఆజ్ఞాపించాను.

అప్పటికి నేను గొప్ప చీకటిలో ఉన్నాను. తాగుడు కాదు, జూదం కాదు, నాది పెద్దరికం అనే చీకటి. మా తెలుగు సహవాసం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ సంఘంవారి బేస్‌మెంట్‌లో కూడుకునేది, దానికి నేను పెద్దను. ప్రసంగానికి బైబిలు పెట్టుకోవడానికి మాకు ఒక ఇస్త్రీ బల్ల తప్ప ఏమీ లేదు, అది వాక్యం వేడెక్కే సమయానికి సరిగ్గా ఒక కాలు ముడుచుకునేది. మంచి ఓక్ చెక్కతో పుల్పిట్ నేనే చేస్తానని అందరి ముందూ చెప్పాను, చెప్పిన మరునాడే బల్లకు బిగించి ఉండే కరెంటు రంపం ఒకటి కొనుక్కొచ్చాను.

ఆ రంపంతో పాటు పళ్ళ మీద కప్పే మూత ఒకటి ఇచ్చారు, వేళ్ళు తగలకుండా. అది అడ్డముంటే నేను గీసుకున్న గీత కనబడటం లేదని విప్పి గోడకు తగిలించాను. కళ్ళకు పెట్టుకునే అద్దాలు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. నా భార్య సువార్త ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సు, ఆమె ఎన్నిసార్లు చెప్పిందో!

"ఏమండీ, ఆ మూత పెట్టండి. శనివారం వచ్చిందంటే చాలు, ఊళ్ళో మొగుళ్ళందరూ చేతికి తువ్వాలు చుట్టుకుని మా వార్డుకి వస్తారు."

"నాకు దూతల కాపుదల ఉందిలే."

"ఉంటుందండీ, పాపం. ఆ దూతలకి ఓవర్‌టైమ్ ఎవరిస్తారు? మీరా?"

దేవుడు నా భార్య నోట మాట్లాడుతున్నాడని నేను గ్రహించలేదు, నాకు విశ్వాసం తక్కువైన భార్య దొరికిందని లోలోపల బాధపడ్డాను, నన్ను క్షమించండి!

ఇక ప్రకాశం సంగతి. మా సహవాసంలో ప్రార్థన జరుగుతుంటే ఈ తమ్ముడు కళ్ళు తెరిచి అటూ ఇటూ చూస్తూ ఉండేవాడు. ఒక ఆదివారం నేను అందరి ముందూ, పేరు చెప్పకుండానే, "కొందరు సహోదరులు ప్రార్థనలో కళ్ళు తెరిచి బిర్యానీ గిన్నెలు లెక్కపెడుతున్నారు" అన్నాను. అందరూ నవ్వారు, అందరూ అతని వైపే చూశారు. ప్రకాశం తల వంచుకున్నాడు. అయినా శనివారం రమ్మంటే వచ్చాడు, అదీ అతని మంచితనం! నేనేం చేశానంటే, అతని బూట్లకు మంచు అంటుకుని ఉందని, నా గరాజ్ నేల పాడవుతుందని, వాటిని గుమ్మం దగ్గరే విప్పించి నా హవాయి చెప్పులు ఇచ్చాను.

రంపం ఆన్ చేశాను, చెక్కను ముందుకు తోశాను, సగం దాకా కోశాక పిడుగు పడ్డట్టు గుర్తొచ్చింది, దేవుని పుల్పిట్ పని ప్రార్థన లేకుండా మొదలుపెట్టానని! రంపం ఆపాలని తోచలేదు, ఆపితే కోత వంకరపోతుందేమోనని భయం. "తమ్ముడూ, తల వంచు, కళ్ళు మూసుకో" అని ఆ మోతకు మించి గొంతెత్తాను.

"ప్రభువా, ఈ చెక్కను నీ పరిచర్యకు ప్రతిష్ఠిస్తున్నాం! ఈ రంపాన్ని నీవే నడిపించు! మా చేతుల పనిని స్థిరపరచు! దూరదేశాల్లో ఉన్న నీ సేవకులను జ్ఞాపకం చేసుకో, మా బావమరిది గ్రీన్‌కార్డు జ్ఞాపకం చేసుకో, దేశాలనేలే అధిపతులకు జ్ఞానమివ్వు..."

అంత ప్రార్థన రంపం ఆపి చేసినా దేవుడు వినేవాడే కదా! అధిపతుల దగ్గరికి వచ్చేసరికి నాకు ఆత్మలో ఉజ్జీవం కలిగి, స్తోత్రమని కుడి చెయ్యి పైకెత్తాను. ఎత్తిన చెయ్యి దింపేటప్పుడు ఎక్కడ దిగుతుందో కళ్ళు మూసుకున్నవాడికి ఏం తెలుస్తుంది?

నా స్వెట్టర్ మెడ దగ్గర ఎవరో పట్టుకుని ఒక్క ఊపున పక్కకు లాగారు. నేను వెల్లకిలా రంపపు పొట్టులో పడ్డాను. సహోదరులారా, నవ్వకండి, పరిశుద్ధాత్మ నన్ను పడవేశాడనుకుని, కళ్ళు తెరవకుండానే "ఆమెన్" అన్నాను! అదే క్షణంలో ఆ చెక్క, రంపం విసిరిన వేగానికి, నా పొట్ట ఉండవలసిన చోటుగుండా వెనక్కి దూసుకుపోయి, ఫ్రీజర్‌కు తగిలి, ఎగిరొచ్చి, తన కొస వదిలేసి నన్ను లాగిన ప్రకాశం కాలి మీద పడింది. అతను కుంటుతూ వెళ్ళి రంపం ఆపాడు.

"అన్నా, వేళ్ళు చూసుకో" అన్నాడు.

చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. దేవునికే మహిమ! అతని కాలి బొటనవేలే విరిగింది.

దారంతా మంచు, దగ్గరలో ఉన్నది సువార్త పనిచేసే ఆసుపత్రే. తను భోజనానికి వెళ్ళి ఉంటే బాగుండునని కూడా ప్రార్థించాను, అంతటి దుష్టుణ్ణి! తనే ఎదురొచ్చింది. ఏమైందని అడిగితే, "ఐస్ మీద జారాడు" అన్నాను. సువార్త నా జుట్టులోంచి పొట్టు తీసి నా అరచేతిలో పెట్టింది.

"మన వాకిట్లో ఐస్‌ని ఓక్ చెక్కతో చేస్తున్నారా ఏమండీ?"

అక్కడే, ఆ వార్డులోనే, అందరి ముందూ నిజం చెప్పాను. ఆమె నా పది వేళ్ళూ ఒక్కొక్కటే పట్టుకుని చూసి, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

కట్టు కట్టించి ప్రకాశాన్ని ఇంటికి తీసుకెళ్తూ కారులో అడిగాను, "తమ్ముడూ, నేను మూసుకోమన్నా నువ్వు కళ్ళెందుకు తెరిచావు?"

"అలవాటైపోయిందన్నా. మీటింగ్‌లో నేను కళ్ళు మూస్తే చాలు, మా పాప గ్రేసీ మెట్లెక్కేస్తుంది. పైన తలుపు తోస్తే రోడ్డే. దాన్ని చూసుకుంటూ ఉంటాను."

"మరి ఆ ఆదివారం నేను బిర్యానీ గిన్నెలని అన్నప్పుడు చెప్పలేదేం?"

"చెబుదామనే లేచాను. మీరు అప్పటికే మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టేశారు."

సహోదరులారా, నేను కారు పక్కకు ఆపి ఏడ్చాను. నేను కళ్ళు మూసుకుని భక్తి చేస్తున్నంతసేపూ ఈ తమ్ముడు కళ్ళు తెరిచి ఒక బిడ్డను కాపాడుతున్నాడు! ఆ కళ్ళను నేను నవ్వులపాలు చేశాను, ఆ కళ్ళతోనే దేవుడు నా చేతిని కాపాడాడు!

మరుసటి ఆదివారం ఎవరూ అడగకుండానే లేచి, ప్రకాశం పేరు చెప్పి అందరి ముందూ క్షమాపణ అడిగాను. అతని వేలు మానేవరకు రోజూ ఆఫీస్‌కి నేనే దింపాను, వాళ్ళ వాకిట్లో మంచు నేనే తోశాను. పుల్పిట్ పని పక్కన పెట్టాను. రంపానికి మూత బిగించి, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు బూట్లు వేసుకుని, ప్లగ్గు పెట్టకముందే ప్రార్థన ముగించి, ఆపైన రెండు కళ్ళూ తెరిచి, ఆ బేస్‌మెంట్ మెట్లకు ఒక చిన్న గేటు చేశాను.

ప్రియులారా, దేవుణ్ణి నమ్మండి, పూర్తిగా నమ్మండి! ఆయన ఇచ్చిన కళ్ళను కూడా నమ్మండి, ఇంట్లో ఆయన పెట్టిన గొంతును కూడా వినండి. నావంటి మొండివాణ్ణే విడిచిపెట్టనివాడు మిమ్మల్ని విడిచిపెట్టడు.

గేటు బిగించాక కూడా గ్రేసీకి దాన్ని ఎక్కడం రెండు వారాల్లోనే వచ్చేసింది. అందుకని ప్రార్థన సమయంలో ఇప్పుడు నా చోటు ఆ గేటు పక్కనే. మొదటిరోజు ప్రకాశం ముందు వరుసలో కూర్చుని, కట్టున్న కాలు చాపుకుని, నా వైపు ఒకసారి తిరిగి చూసి, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ప్రార్థించాడు. నేను కళ్ళు తెరిచి ఉన్నాను.