ఆళ్ళగడ్డ కాదు, అడ్డగల్ల

డెబ్భైల చివర్లో నేను నంద్యాలలో ఒక రేడియో రిపేరు కొట్టులో పనిచేసేవాణ్ణి. ఇంటరు ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, ఆ తర్వాత ఏం చదవాలో తోచక అందులో చేరాను. బాగుచేసిన ప్రతి ట్రాన్సిస్టరునూ ముల్లు ఈ చివర నుంచి ఆ చివరి దాకా తిప్పి చూడటం నా పని. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య ఖాళీల్లో అప్పుడప్పుడు సన్నగా ఒక ఈల వినిపించేది. పొట్టివి కొన్ని, పొడుగువి కొన్ని, ఎవరో తొందరపడుతున్నట్టు.

ఒకరోజు కొట్టు యజమానిని అడిగాను. ఆయన్ని ఊరంతా భాయి అనే పిలిచేది.

"భాయ్, ఏందిది? కాయిల్ పోయిందా?"

"కాయిల్ కాదులేప్పా. ఓడలు. సముద్రంలో ఓడలు మాట్లాడుకుంటాండాయి."

నేను అప్పటికి సముద్రం చూడలేదు. మాకు నీళ్ళంటే కుందూ ఏరు, కాలువ. ఎండాకాలం వస్తే వాటిలోనూ రాళ్ళే కనపడేవి. అలాంటి ఊళ్ళో, ఒక శనక్కాయల వ్యాపారి పంపిన పాత రేడియోలో, ఎక్కడో నడుస్తున్న ఓడ గొంతు వినిపిస్తోందా! చేతిలోని సోల్డరింగు కడ్డీ బల్లను కాలుస్తున్న సంగతి పొగ వచ్చేదాకా గమనించలేదు.

"ఏమని మాట్లాడుకుంటాండాయి భాయ్?"

"నాకేం తెలుసు? దానికి గవర్నమెంటు లైసెన్సు పరీక్ష ఉంటాదంట. పాసైనోళ్ళనే ఓడల్లో కూర్చోబెడతారు. ముందు బల్ల తుడువు."

ఆ మాట నన్ను వదల్లేదు. నెల తిరిగేసరికి మద్రాసు నుంచి పరీక్ష నియమాలు తెప్పించుకున్నాను. బ్యాటరీలు, వాల్వులు, ఏరియళ్ళ గురించి ఒక పేపరు. సముద్రం మీద వార్తలు పంపే పద్ధతుల మీద ఒక పేపరు. అన్నిటికన్నా ముఖ్యం, పొట్టి పొడుగు కూతలతో అక్షరాలు పంపే మోర్సు. నిమిషానికి ఇరవై మాటల వేగంతో చెవికి వినిపించింది తప్పు లేకుండా రాయాలి. దాని తర్వాత, ఏ అర్థమూ లేని అక్షరాలను అయిదేసి చొప్పున గుంపులుగా పంపుతారు, అవీ రాయాలి.

మా నాయన మిషను బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆ కాగితాలు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి అడిగాడు.

"దీన్ని ఎవురు నేర్పుతారు రా నీకు?"

"ఈడ ఎవురూ లేరు నాయనా."

"ఎవురో ఒకరు పంపితేనే గదా నువ్వు రాసేది?"

"అవు."

"అయితే నేను నేర్చుకుంటాలే."

యాభై దాటిన మనిషి. మోర్సు అక్షరాలన్నీ పెద్ద కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించాడు. స్నానానికి పోతూ, చెప్పులు వేసుకుంటూ, అన్నం కలుపుకుంటూ వేలితో కొట్టుకునేవాడు. నేను హాక్సా బ్లేడు ముక్కను చెక్కకు బిగించి మీట చేశాను. కొట్టులో మిగిలిన ట్రాన్సిస్టరుతో కూత పెట్టే పెట్టె ఒకటి తయారుచేశాను. బడి నుంచి రాగానే నాయన మీట ముందు కూర్చునేవాడు. పంపడానికి పాఠం కావాలి కాబట్టి, చేతికి అందిన ఇంగ్లీషు వాచకం తెరిచేవాడు. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాలే. ఆరు నెలల్లో ఆయన చెయ్యి గుర్రంలా పరుగెత్తింది, నా పెన్సిలు దాని వెనకే పరుగెత్తింది. ఇరవై మాటలు ఏం ఖర్మ, ఇరవై రెండు రాసేవాణ్ణి. అమ్మ మాత్రం ఇంట్లో కీచురాళ్ళను పెంచుతున్నామని గొణిగేది.

మద్రాసు పోయి తప్పాను.

ఫలితం రాకముందే హాల్లోనే తెలిసిపోయింది. అక్కడ పంపిన చెయ్యి నాకు కొత్తది. మొదటి పేరా సగందాకా సాగి, తర్వాత కాళ్ళ కింద నేల జారినట్టయింది. అర్థం లేని అక్షరాల గుంపుల్లో అయితే సగానికి సగం ఖాళీలే. పరీక్ష తీసుకున్న పెద్దమనిషి నా కాగితం చూసి ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు, "పంపని మాటలు కూడా రాశావు నువ్వు." ఆయన కోప్పడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ సాయంత్రం సముద్రం నడిచిపోయేంత దగ్గరలో ఉన్నా చూడబుద్ధి కాలేదు. రైలెక్కి వచ్చేశాను.

నాయన మరుసటిరోజు బడి నుంచి వచ్చి మళ్ళీ వాచకం తెరిచాడు. నేను రాస్తూ ఉన్నాను కానీ, ఎందుకు తప్పానో ఇద్దరికీ తెలియదు. భాయే దారి చూపించాడు.

"ఆళ్ళగడ్డ పోస్టాఫీసులో టెలిగ్రాం చూసే సారు ఒకాయన ఉండాడు. ముప్పై ఏండ్ల చెవి. పోయి అడుగు."

శనివారం పొద్దున్నే బస్సెక్కాను. సిరివెళ్ళ దాటాక దారి పొడుగునా ఎర్రటి దుమ్ము. పోస్టాఫీసులో కౌంటరు వెనక సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా మనిషి కూర్చున్నాడు. పక్కన తంతి యంత్రం టకటకమంటోంది. కౌంటరు ముందు ఒక పెద్దామె నిలబడి, మిలిటరీలో ఉన్న కొడుక్కి ఏమని కొట్టాలో చెప్తోంది. ఆయన ఆమె ముఖంలోకే చూస్తూ, "చెల్లెలికి పెండ్లి కుదిరిందని రాస్తే సాలా, రమ్మని గూడా రాయాల్నా?" అని అడుగుతున్నాడు. ఆమె ఆలోచిస్తోంది. ఆయన "నిదానంగా చెప్పమ్మా" అంటున్నాడు. ఇంతసేపూ ఆయన కుడిచెయ్యి మాత్రం, ఆ మాటలతో తనకేం సంబంధం లేనట్టు, పక్కనున్న ఫారం మీద యంత్రం చెప్పేది రాసుకుంటూ పోతోంది. చూపు ఒక్కసారి కూడా అటు తిప్పలేదు. టకటక ఆగింది. ఆయన ఫారం చింపి మడిచాడు. అక్షరం దిద్దినది లేదు. గీత వంకర పోయినది లేదు.

నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. గుడిలో ప్రార్థన వేళ కూడా నాకు అంత భయభక్తులు కలిగిన గుర్తు లేదు.

"ఏం గావాలప్పా నీకు?"

చెప్పాను. ఓడలని, లైసెన్సని, తప్పానని. ఆయన జనం పలచబడేదాకా కూర్చోమన్నాడు. తర్వాత పెన్సిలు వెనక్కి తిప్పి, పొట్టివి టక్కున, పొడుగువి ఈడ్చి, బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు. అన్నీ రాశాను. ఆఖర్న ఇంకొక మాట కొట్టాడు. అదీ రాసి చూపించాను.

"ఏం రాసినావ్?"

"ఆళ్ళగడ్డ సార్."

"నేను కొట్టింది అడ్డగల్ల."

అర్థం కాలేదు. ఆయన నా కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలను చివరినుంచి వెనక్కి చదివి చూపించాడు. ఆళ్ళగడ్డను తిరగేస్తే అడ్డగల్ల.

"మొదటి అక్షరం ఇన్నావ్. ఈ ఊరి పేరే అయ్యుంటాదిలే అనుకున్యావ్. ఇంగ ఇనడం ఆపేసినావ్. నువ్వు ఇనడంల్యాప్పా. నీకు తెలిసింది రాసుకుంటాండావ్."

బస్సులో తిరిగివస్తుంటే అంతా ఒక్కసారిగా తెలిసొచ్చింది. నాయన పంపే పాఠాలన్నీ నేను తొమ్మిదో ఏటినుంచి ఆయన నోటే విన్నవి. మొదటి మాట చెవిన పడగానే మిగతా వాక్యం నా తలలోనే పుట్టేది. ఆరు నెలలు నేను చెవితో చేసిన పని ఏమీ లేదు. ఈ సంగతి నాయనకు ఎలా చెప్పాలో తెలియక, ఆళ్ళగడ్డ, అడ్డగల్ల కథ మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆయన వాచకం మూసేశాడు.

"తప్పు నా దగ్గరే ఉండాది గదరా."

"కాదు నాయనా."

"అవులేరా. నీకు నోటికొచ్చిన పాఠాలే పంపినా."

మరుసటిరోజు బడిలో మూడో తరగతి పిల్లల్ని, పలక మీద తలా ఒక ఇంగ్లీషు అక్షరం ఇష్టమొచ్చింది రాయమన్నాడట. ఆ అక్షరాలు పంపుదామని ఆయన ఉపాయం. సగంమంది 'ఏ' రాశారు. మిగతా సగం పక్కవాళ్ళ పలక చూసి 'ఏ' రాశారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తూ నాయన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత తనే చింతగింజలు ఏరి, ఒక్కో గింజ మీద ఒక్కో అక్షరం సున్నంతో రాసి, గుడ్డసంచిలో పోశాడు. చెయ్యి పెట్టి అయిదేసి తీసి బల్లమీద పరిచి, వచ్చినవి వచ్చినట్టు పంపేవాడు. ఆయనకే తెలియని అక్షరాలు నాకెలా తెలుస్తాయి? వినక తప్పలేదు.

శనివారాలు ఆళ్ళగడ్డ. సారు ఇల్లు బస్టాండు వెనక సందులో. ఆయన భార్య జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టేది. సారు కొడుతూ కొడుతూ నన్ను మాటల్లోకి దింపేవాడు. "నంద్యాలలో వాన పడిందా? మీ నాయన చెయ్యి నొప్పి ఎట్లుంది?" నేను జవాబు చెప్తూనే రాయాలి. మొదట్లో నోరు తెరిస్తే చెయ్యి ఆగేది, చెయ్యి కదిలితే నోరు మూతపడేది. ఆయన ఒకటే చెప్పేవాడు: "ఇన్న అక్షరం అప్పుడే రాయొద్దు. రెండక్షరాలు ఎనకాల నడువు. ముందుకు ఉరికితే పడతావ్."

ఒక శనివారం భాయిని అడిగి పాత రేడియో ఒకటి వెంట తీసుకుపోయాను. ఓడలు పిలుచుకునే అసలు చోటు మామూలు రేడియో ముల్లుకు కొంచెం కిందుగా ఉంటుంది. లోపలి కాయిల్ మర తిప్పి, దాన్ని అక్కడిదాకా దించాను. పొద్దు గూకితేనే దూరపు కూతలు అందుతాయి. దీపాలు పెట్టే వేళకు సారు వాళ్ళ వసారాలో తీగ కట్టి పెట్టాను.

బుర్రుమనే హోరులోంచి ఒక ఈల లేచింది. దాని వెనకే ఇంకొకటి. సారు ముందుకు వంగాడు. ఆయన చెవికి తెలిసింది ఇనుము టకటకలే. ఈల ఆయనకు కొత్త. కాసేపు బడికి కొత్తగా వచ్చినవాడిలా దిక్కుతోచక చూశాడు. పది నిమిషాలు గడిచాయో లేదో, పెన్సిలు కదిలింది.

"ఈయప్ప మద్రాసును పిలుస్తాండాడు. ఇంగోడు... వీడు శానా దూరంలో ఉండాడప్పా, గొంతు సన్నగుంది."

ముప్పై ఏళ్ళు తంతి విన్న మనిషి, తీగ లేకుండా వచ్చిన అక్షరాలను కాగితం మీద చూసుకుని, వేలితో ఒకసారి తడిమాడు. లోపల వంట చేస్తున్న భార్యను పిలిచి వినమన్నాడు. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

ఏడూ పావు అయింది. ఉన్నట్టుండి ఈలలన్నీ ఆగిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ కలిసి.

"ఏందప్పా, చెడిపాయనా?"

నేను మరమీద చెయ్యి వేయబోయి ఆగాను. గోడ గడియారం చూశాను. పరీక్ష పుస్తకంలో నేను బట్టీ పట్టిన నియమం అప్పుడు గుర్తొచ్చింది.

"చెడిపోలేదు సార్. గంటకు రెండుసార్లు, మూడు నిమిషాలు, ప్రపంచంలో ఓడలన్నీ నోరు మూసుకోవాల. యాడన్నా మునిగిపోయే ఓడ ఉంటే, దాని పిలుపు సన్నగున్నా ఇనపడాలని."

"అందరూనా?"

"అందరూ సార్."

ముగ్గురం కూర్చున్నాం. వీధిలో శనక్కాయల బండి ఒకటి కిర్రుమంటూ పోయింది. రేడియోలో ఉత్త హోరు. పుస్తకంలో అది నాకు రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ, సముద్రానికి ఇంత దూరంలో, ఒకరి ముఖం ఒకరికి తెలియని మనుషులు ఒకే క్షణాన చేతులు మీటల మీంచి తీసి, ఆపదలో ఉన్నవాడెవడైనా పిలుస్తాడేమోనని చెవులు ఒగ్గి కూర్చున్నారు. ఆ హోరంతా మనుషులతో నిండి ఉన్నట్టు అనిపించింది నాకు. ఎవరూ పిలవలేదు. మూడు నిమిషాలు కాగానే ఈలలు ఒక్కసారిగా ముసురుకున్నాయి. సారు ఊపిరి వదిలి అన్నాడు:

"మా తంతిలో ఇట్లాంటి మర్యాద లేదప్పా."

రెండోసారి మద్రాసులో అర్థం లేని గుంపులే నాకు తేలికయ్యాయి. రెండక్షరాలు వెనక నడిచాను. రాస్తున్నానన్న సంగతి కూడా తెలియలేదు. పంపే చెయ్యి ఆగాక ఇంకో రెండక్షరాలు తీరిగ్గా రాసి పెన్సిలు కింద పెట్టాను. బయటికొచ్చి, ఆ సాయంత్రం సముద్రం దగ్గరికి నడుచుకుంటూ పోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. దూరంగా రెండు ఓడలు, కదులుతున్నాయో ఆగాయో తెలియకుండా ఉన్నాయి.

సర్టిఫికెట్ వచ్చిన రోజు నాయన దాన్ని పాఠం చెప్పినట్టు ఒక్కో వరుస చదివి, అమ్మకు తెలుగులో వివరించాడు. అందులో నేను సంతకం పెట్టాల్సిన చోటు ఒకటి ఉంది: ఈ పనిలో విన్న ఇతరుల వార్తలు ఎవరికీ చెప్పనని ఒప్పుకోవాలి. "మాక్కూడా చెప్పకూడదంట" అన్నాడు అమ్మతో, ఎంతో గొప్పగా.

శనివారందాకా ఆగలేక ఆ మధ్యాహ్నమే ఆళ్ళగడ్డ పోయాను. సారు యంత్రం దగ్గర కూర్చుని టెలిగ్రాం తీసుకుంటున్నాడు. నన్ను చూసి, ఉండమన్నట్టు ఎడమచెయ్యి ఎత్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ టకటక నాకు ఉత్త చప్పుడు. ఇప్పుడు వద్దన్నా అక్షరాలై చెవిలో పడుతోంది. పక్క పల్లెలో ఎవరికో కబురు. రెండో మాటకల్లా అది మంచి కబురు కాదని తెలిసింది. ఆ ఇంటివాళ్ళకన్నా ముందు అది నాకు తెలియడం ఏం న్యాయం? గబగబా బయటికొచ్చి, చప్పుడు వినిపించనంత దూరం నడిచి, ఎండలో నిలబడ్డాను.

కాసేపటికి సారు వచ్చాడు. ఎందుకు బయట నిలబడ్డానో అడగలేదు. సర్టిఫికెట్ అందుకుని, నీడలోకి జరిగి, మొత్తం చదివి, చేతి చెమట అంటకుండా అంచులు పట్టుకుని తిరిగి ఇచ్చాడు.

"ఏ ఓడ?"

"ఇంగా తెలీదు సార్. విశాఖపట్నం రమ్మన్నారు."

"బిరీన పో. మీ నాయనను అడిగినానని చెప్పు" అని, మడిచిన ఫారంతో సైకిలు దగ్గరికి నడిచాడు. ఆ కబురు పంచేవాడి చేతికి ఇవ్వకుండా తనే తీసుకుపోతున్నాడు. నేను ఆయన సందు తిరిగేదాకా చూసి, నంద్యాల బస్సెక్కాను.