కొనుక్కున్న ఉయ్యాల

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. మలేసియాలో మా తాతయ్యకు రబ్బరు తోట ఉండేది. అడగడానికి వచ్చినవాళ్ళు మా మెట్ల కింద నిలబడేవాళ్ళు. తర్వాత తోటా పోయింది, తాతయ్యా పోయాడు. తొంభైల మొదట్లో మా నాన్న మిగిలింది అమ్మి, సముద్రం దాటించి మమ్మల్ని పూర్వీకుల ఊరి దగ్గరని హోసూరుకు తెచ్చాడు. ప్రయాణానికీ ఇంటి అడ్వాన్సుకీ ఉన్నదంతా కరిగిపోయింది. ఇక ఆదివారాలు నాన్నా నేనూ పాత సామాన్ల అంగళ్ళు తిరిగేవాళ్ళం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరో వాడి వదిలేసిన మంచాలూ గిన్నెలూ బేరం ఆడకుండా కొనేవాడు. బేరం ఆడటం కూడా అడగటమేనని ఆయన ఉద్దేశం.

అమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. నా తర్వాత పుట్టిన బిడ్డ మలేసియాలో పురిట్లోనే పోయింది. ఆ సంగతి ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు గానీ, అమ్మ నిద్రలో కూడా పొట్ట మీంచి చెయ్యి తీసేది కాదు.

పక్కింటి అవ్వ బాగలూరు వైపు గొర్రెలు కాస్తూ పెరిగిన మనిషి. కాన్పు నాటికి తమ మనవరాలి ఉయ్యాల ఇస్తానని ఆమె కబురు చేస్తే నాన్న వద్దన్నాడు. కృష్ణగిరి దాకా పోయి, ఒక పాత అంగట్లో ఇత్తడి గొలుసుల టేకు ఉయ్యాల కొని తెచ్చాడు. దాన్ని చూడగానే వీధిలో ఆడవాళ్ళు మాటలు ఆపేశారు.

"దీన్ని యాడ తెచ్చినావప్పా?" అంది అవ్వ. నాన్న గర్వంగానే చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఎదురింటావిడ అమ్మకు సంగతి చెప్పింది. ఆ వైపు ఉయ్యాల అమ్మరట. బిడ్డ ఎదిగాక ఇంకో ఇంటికి ఇస్తారు, అక్కడి నుంచి మరో ఇంటికి పోతుంది. అమ్మకానికి వచ్చిందంటే, అందులో పడుకున్న బిడ్డ దక్కలేదన్నమాట.

ఆ రోజు నుంచి అమ్మకు అన్నం సయించలేదు. నాన్న దాన్ని దూలానికి వేలాడదీశాడు. దించితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి దించలేదు. గాలికి గొలుసు కిర్రుమనేది. నేను దాని కిందికి పోకుండా గోడ వారగా నడిచేవాణ్ణి. బిడ్డను నేల మీదే పడుకోబెట్టుకుంటానని అమ్మ అంది. అయినా నాన్న పక్కింటికి పోయి వాళ్ళ ఉయ్యాల అడగలేదు.

ఒక మధ్యాహ్నం అవ్వ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది.

"మా ఉయ్యాల తాడు తెగిపోయిందప్పా. మీది కొన్నాళ్ళు ఇస్తావా?"

మమ్మల్ని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో. నాన్న తనే దించి, మోసుకెళ్ళి వాళ్ళింట్లో కట్టి వచ్చాడు. నేను వెంట వెళ్ళాను. వాళ్ళ పాత ఉయ్యాల తాడు ఎక్కడా తెగలేదు, చుట్టగా చుట్టి మూల పెట్టి ఉంది.

ఆ తర్వాత అమ్మ రోజూ గోడకు చెవి ఆనించి ఆ పిల్ల ఏడుపూ కేరింతా వినేది. ఆమె ముఖంలోకి మెల్లగా రక్తం వచ్చింది. కాన్పయి తమ్ముడు పుట్టాక, అవ్వ ఉయ్యాల వెనక్కి తెచ్చింది.

"మా పాప తడిపి, నవ్వి, నిద్దరపోయిన ఉయ్యాలమ్మా ఇది. ఇంక నువ్వు కొనింది కాదు, నేను ఇస్తా ఉండేది. మీవాడు ఎదిగినాక మల్లా నాకే ఇయ్యాల."

అమ్మ రెండు చేతులా అందుకుంది. తమ్ముడు అందులోనే పెరిగాడు.

నాన్న ఉయ్యాల కట్టిన రోజు, మనవరాలిని మొదటిసారి అందులో వేసే ముందు అవ్వ దాని అడుగంతా చేత్తో తడమడం నేను చూశాను. పెదవులు ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాయి. పిల్లను వేసినా చాలాసేపు చెయ్యి తియ్యలేకపోయింది. వీధిలో అందరూ నమ్మినదాన్ని ఆమె కూడా నమ్మింది.

ఒకరిని అడగడం నాకు ఇప్పటికీ రాదు. ఎవరైనా నా గుమ్మంలోకి వచ్చి ఏదైనా అడిగితే మాత్రం, అది వాళ్ళ అవసరమో, నా కోసం అడుగుతున్నారో అని ఒక్క క్షణం వాళ్ళ చేతుల వైపు చూస్తాను.