కడగని బకెట్

ఆరేళ్లుగా నా గుండెల మీద ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ కూర్చుని ఉంది. నవ్వకండి. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రామతీర్థం వెళ్లే దారిలో మా ఇల్లు. పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నాను. దాని పని ఇంకొకరికి అప్పగించడం నాకు నామోషీ. పొద్దున్నే సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి, క్లోరిన్ ఎంతో యాసిడ్ ఎంతో నేనే తేల్చేవాణ్ణి. పూల్ గురించి నాకు తెలియనిది లేదని బంధువుల్లో పేరు. క్లోరిన్, యాసిడ్ ఎప్పుడూ కలవకూడదని పూల్ కట్టినవాడు ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఎర్ర బకెట్ క్లోరిన్‌కి, నీలం బకెట్ యాసిడ్‌కి.

నీళ్ల మీద ఆకులు వలతో తీయడానికి, ఊడవడానికి అప్పలమ్మ వచ్చేది. పుట్టిల్లు కళింగపట్నం, చేపలమ్మిన మనిషి. వల ఎలా పట్టాలో ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది, వాళ్ల వైపు పెద్దాడవాళ్లలాగే. ఆ అడ్డచుట్ట మీద నేనెప్పుడూ వేళాకోళమాడేవాణ్ణి.

ఆ రోజు నీలం బకెట్ పగిలి ఉంది. మధ్యాహ్నానికి చుట్టాలు ఈతకి వస్తామన్నారు. పూల్ అంచు పలకల మీద తెల్లటి పొర కట్టింది, యాసిడ్‌తో కడగాలి. ఎర్ర బకెట్ అడుగున క్లోరిన్ పొడి తడిగా మిగిలి ఉంది. చూశాను. చూసి కూడా, ఈ కాస్తకేమవుతుందిలే అనుకుని, పూల్ మోటారు గదిలోనే అందులో యాసిడ్ పోశాను.

పచ్చటి పొగ లేచింది. నేను గుమ్మం దగ్గరున్నాను, బయటికి దూకేశాను. అప్పలమ్మ లోపలి మూల ఊడుస్తోంది.

ఆమె గోడ పట్టుకుని బయటికొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి, దగ్గు ఆగడం లేదు. "ఆ బకిట్లో ఏటేసేరు బాబూ?" అంది.

"రోజూ వేసేదే అప్పలమ్మా. నీ చుట్టే నిన్ను తినేస్తోంది."

ఆస్పత్రిలో డాక్టరుకీ అదే చెప్పాను. అడ్డచుట్ట కాలుస్తుందని. అది అబద్ధమా? కాదు. అందుకే నోట్లోంచి అంత సులువుగా వచ్చింది. దేనికి భయపడ్డాను? కేసుకా, బంధువుల ముందు పోయే పరువుకా? పరువుకే అని ఇప్పుడు తెలుస్తోంది, ఒక మనిషి ఊపిరితిత్తుల కన్నా నాకు అదే ఎక్కువైందని. అసలు ఏం పీల్చిందో తెలిస్తే ఆ డాక్టరు ఇంకో వైద్యం చేసేవాడేమో. ఆ ప్రశ్నని ఎవరినీ అడగలేదు, జవాబు వినే ధైర్యం లేక.

మొన్న చెప్పేద్దామనే వాళ్లింటికి వెళ్లాను. మంచం మీంచి గుమ్మం దాకా వచ్చేసరికే రొప్పుతోంది. పక్కింటావిడకి నన్ను చూపించి, "ఈ బాబు సెప్పబట్టే సుట్ట మానీసినాను. నేకపోతే ఈపాటికి సచ్చిపోయుందును" అంది.

నేను టీ తాగి వచ్చేశాను.

బకెట్ కడగనిది నేను. యాసిడ్ పోసింది నేను. ఆమెని లోపల వదిలేసి దూకింది నేను. ఈ మాటలు రాసేసరికి నాకు కాస్త ఊపిరాడింది. ఆమెకి ఇంకా ఆడటం లేదు.