కూజాలు కడిగిన రోజు

మా బాటనీ సార్ పోయారని మొన్న పొద్దున మా ఊరు మానుకోట నుంచి ఫోన్ వచ్చింది. జనగామలో చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి రైలెక్కాను. దారి పొడుగునా ఒకటే దిగులు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నేనింకా చెప్పనే లేదు.

పురుగుల్ని తినే కూజా మొక్కను ఏళ్లతరబడి బోర్డు మీద బొమ్మగీసి చెప్పి, చివరికి తనకే సిగ్గేసి, కేరళలో ఓ నర్సరీకి పోయి నిజం మొక్కను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మనిషి ఆయన. ఆకు కొసన వేలాడే చిన్న కూజా, పైన మూత, లోపల కాసిని నీళ్లు. తీపికి వచ్చిన చీమ అంచు మీద జారి అందులో పడేది. మేం అయ్యో అంటే సార్ నవ్వేవారు.

"దాన్ని రాక్షసి అనకుండ్రి. మన్నుల సత్తువ లేకపాయె. జర పురుగును పట్టుకుంటది. బతకాలె గద!"

దానికి వాన నీళ్లే పోయాలి. చూరు కింద బిందెలు పెట్టి పట్టేవారు. ఆ బిందె ముడితే ఆయన భార్య, మా మేడమ్‌కైనా చీవాట్లే.

తెలంగాణ సమ్మె రోజుల్లో కాలేజీ మూతపడింది. సభలు, దీక్షలంటూ సార్ భూపాలపల్లి దాకా తిరిగేవారు. మేడం పుట్టింట్లో ఉన్నారు. పక్కింటి పిల్లనని మొక్కను నాకు అప్పగించారు. అప్పుడే ఊళ్లో జ్వరాలు. నిలవ నీళ్లు పారబోయండి, దోమలొస్తాయని మైకులో ఒకటే చాటింపు. కూజాల్లో చూస్తే కుళ్లిన చీమలు, ఈగల రెక్కలు, కంపు. నాకేమో తెలివెక్కువ. కూజాలన్నీ వంపేసి బోరు నీళ్లతో కడిగాను. బిందెల్లో వాన నీళ్లూ పారబోశాను. ఇక కుండీకి కూడా బోరు నీళ్లే పోస్తూ వచ్చాను. నెల తిరక్కుండానే మొక్క మాడిపోయింది.

"ఎట్ల ఎండింది బిడ్డా?" అని అడిగారు సార్, ఇంటికొచ్చాక.

"ఎండకేమో సార్."

ఎండిన కూజాను వేలితో నిమిరి, "సరే తీ" అన్నారు. అంతే. ఒక్కసారి తిట్టినా బాగుండేది.

రాష్ట్రం వచ్చింది. నా పెళ్లయింది. ప్రతి రంజాన్‌కూ చెబుదామనే సార్ ఇంటికి వెళ్లి, షీర్ ఖుర్మా తాగి వచ్చేదాన్ని.

మొన్న సార్ జనాజాను భుజాలకెత్తుకుని మగవాళ్లు బయల్దేరగానే మేడం నన్ను దగ్గరికి తీసుకున్నారు.

"నీ సారుకు గప్పుడే తెల్సు బేటీ. కూజాల మీద బోరు నీళ్ల సుద్ద మరకలున్నయని నాకు చూపించిండు. 'పిల్ల భయపడ్డది. తనే చెప్తది, అప్పటిదాక మనం అడగొద్దు' అన్నడు. రంజాన్‌కు నువ్వు వచ్చిపోయినప్పుడల్లా, 'ఈసారి గూడ చెప్పలే' అని నవ్వేటోడు."

గడప దాకా పరుగెత్తాను. జనాజా అప్పటికే గల్లీ చివరికి చేరింది. జనం తలల మీద పూల చాదర్ ఒక్కటే కనిపించింది. "నేనే పారబోసిన సార్" అన్నాను. మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటూ మలుపు తిరిగారు.