దాహం లేని మొక్కలకు నీళ్లు పోసిన ఇల్లు

2022 నవంబర్, కరీంనగర్, ఒక కాలనీలో ఇంటి ముందు ఖాళీ జాగా. ఆ ఉదయం అక్కడ ఉన్నవారు: ఇంటి యజమాని ముజీబ్ చాచా, ఆయన భార్య రజియా చాచీ, వరండాలో మంచం మీద ఆయన తల్లి దాదీమా, ప్రహరీ మీదుగా తొంగి చూస్తున్న పక్కింటి లచ్చవ్వ, నేను. ఉన్నవి: ఇరవై నాలుగు మొక్కలు, ట్రాక్టర్ ఎర్రమట్టి, అర ట్రాక్టర్ మానేరు దొడ్డు ఇసుక, కంకర, డ్రిప్ పైపు, దానికి టైమర్, ఒక మేక. ఇవి కాక, మూలన గోడకు ఆనించి పేర్చిన గులాబీ రంగు పార్కింగ్ టైల్స్ పెట్టెలు.

టైల్స్ సంగతి ముందు చెప్పాలి. చాచాది టైల్స్ దుకాణం. అంతకుముందు ఎండాకాలం వాళ్ల బోరు ఎండిపోయింది. చాచీ ఏళ్లుగా పెంచిన గులాబీలు, మల్లెలు ట్యాంకర్ నీళ్లతో కొన్నాళ్లు నెట్టుకొచ్చి ఒక్కొక్కటే పోయాయి. మొత్తం జాగాకు టైల్స్ పరిచేద్దామని చాచా అన్నాడు. ఇంకొక్కసారి చూద్దామని చాచీ అంది. చివరికి ఒప్పందం కుదిరింది. దాన్ని చాచా నా ముందే చదివి వినిపించినట్టు చెప్పాడు.

"రంజాన్ పండుగ దాకా టైమ్. చెట్లుంటే చెట్లు, ఎండిపోతే టైల్స్. చుట్టాలొస్తరు, వాళ్లను మట్టిల కూసోబెడ్తమా?"

"ఎండవు," అంది చాచీ. "గీ బిడ్డ చదువుకున్నోడు."

ఆ చదువుకున్న బిడ్డ నేనే. మాది హుస్నాబాద్. అగ్రికల్చర్ ఇంజనీరింగ్ చేసి, తక్కువ నీళ్లతో బతికే ఇంటి తోటలు వేసే పని పెట్టుకున్నాను. చాచీకి నేను ఎంచిన మొక్కలు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలవి: రోజ్‌మేరీ, లావెండర్, సాల్వియా. అక్కడ ఎండాకాలమంతా చినుకు పడదు. ఆ కరువుకు అలవాటుపడ్డ పొదలివి. గన్నేరు కూడా ఆ ప్రాంతపుదే, ఎంత ఎండకైనా తట్టుకుంటుంది. కానీ ఇంట్లో మేక ఉంది, గన్నేరు ఆకు విషం. అందుకని దాన్ని వదిలేశాను.

ఈ మొక్కలకు ఎండతో గొడవ లేదు. వేళ్ల దగ్గర తడి నిలిస్తేనే గొడవ. వాటికి కావాల్సింది మా భాషలో డ్రైనేజ్, అంటే పోసిన నీళ్లు వేళ్లను దాటి కిందికి దిగిపోవడం. ఆ జాగాలో ఉన్నది నల్లరేగడి. ఒకసారి తాగిన నీళ్లను అంత తొందరగా విడవదు. అందుకే కంకర, ఇసుక, ఎర్రమట్టి కలిపి నేలకు ఎత్తుగా మడి కట్టాను. రెయిజ్డ్ బెడ్ అంటే అదే. టైమర్‌ను పది రోజులకోసారి నీళ్లు వదిలేలా పెట్టి, అందరినీ నిలబెట్టి చెప్పాను.

"టైమర్ చూసుకుంటుంది. మీరు ఏమీ చేయకూడదు. అదే మీ పని."

"ఏం చెయ్యకపోవుడు గూడ పనేనా?" అంది దాదీమా. "గంత మంచి నౌకరి మా కాలంల లేకుండె."

జనవరిలో చాచీ ఫోన్ చేసింది. "బేటా, ఆకులు పసుపు రంగుకొచ్చినయ్. జల్ది రా."

వెళ్లి ఒక లావెండర్‌ను పట్టుకున్నాను. గట్టిగా లాగకుండానే చేతికి వచ్చేసింది. వేళ్లు గోధుమరంగులో మెత్తబడి వాసన వస్తున్నాయి. రూట్ రాట్, అంటే గాలి అందక వేళ్లు కుళ్లడం. అప్పటికే ఐదు లావెండర్లు, రెండు రోజ్‌మేరీలు పోయాయి. మట్టిలో తేమ కొలిచే మీటర్ గుచ్చితే ముల్లు చివరిదాకా పరుగెత్తింది. మడి అంచున పుట్టగొడుగులు కూడా మొలిచాయి. టైమర్ విప్పి చూశాను. అది చెప్పినట్టే నడుస్తోంది.

"ఎవరైనా నీళ్లు పోస్తున్నారా?" అని అడిగాను.

"తోబా తోబా," అంది దాదీమా. "నాకు మంచం దిగుడే కష్టం."

"నాకు దుకాణమే సరిపోతది," అన్నాడు చాచా.

"మా చెట్లకే పోస్తలేను, మీ చెట్లకు పోస్తనా?" అంది గోడ మీద నుంచి లచ్చవ్వ.

చాచీ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "మీ చాచా పనే ఇది. చెట్లు చస్తే టైల్స్ పరవచ్చు కద. ఆయన మనసంత గా పెట్టెల మీదనే ఉన్నది."

నిజానికి నాకూ అదే అనుమానం వచ్చింది. ఆ శుక్రవారం పదకొండు గంటలకే టైమర్ బాగుచేసే నెపంతో వచ్చి వరండాలో కూర్చున్నాను. స్క్రూడ్రైవర్ చేతిలో, కళ్లు మడి మీద.

మొదట వచ్చింది దాదీమా. దిగడమే కష్టమన్న మంచం చులాగ్గా దిగి, ఒక గిన్నె తెచ్చి రోజ్‌మేరీ మొదట్లో వంచింది.

"దాదీమా, ఏంటవి?"

"నీళ్లు గావు బిడ్డా. గోష్ కడిగినయ్. తాకత్ ఉంటది."

దూరదేశాల్లో మాంసంలో రోజ్‌మేరీ వేసి వండుతారని చదివాను. రోజ్‌మేరీకి మాంసం పెట్టడం ఆ ఇంట్లోనే చూశాను. వీధి పిల్లులు ఆ మడిని ఎందుకు తవ్వుతున్నాయో అప్పుడు అర్థమైంది.

ఆమె మళ్లీ మంచం ఎక్కేలోగా గోడ మీదుగా పైపు ఒకటి మెల్లగా తల ఎత్తింది. లావెండర్ల మీద సన్నటి జల్లు మొదలైంది. నేను లేచేసరికి పైపు వెనక లచ్చవ్వ ముఖం కనిపించింది.

"పోస్తలేనంటివి కదవ్వా!"

"పోస్తలేను, చల్లుతున్న. ఆకులు బూడిద పూసినట్టున్నయ్, పాణం పోతున్నట్టే ఉన్నయ్. పొద్దుగాల లేస్తె గవే మొకాలు. చూసుకుంట ఎట్ల ఊకుంట?"

ఆ బూడిద రంగు రోగం కాదనీ, ఎండను తిప్పికొట్టే సన్నటి నూగనీ చెప్పాను. "అట్లనా?" అంది కానీ పైపు మాత్రం వెంటనే కట్టలేదు.

ఈ గొడవకు చాచీ బయటికి వచ్చింది. అదే సమయానికి చాచా జుమ్మా నమాజుకు తయారై, చెంబు పట్టుకుని మడి అంచున కూర్చుని వజూ చేసుకోవడం మొదలుపెట్టాడు. చేతులు, ముఖం, కాళ్లు కడిగిన నీళ్లన్నీ నేరుగా సాల్వియా మొదట్లోకి దిగుతున్నాయి.

"దొరికినవ్!" అంది చాచీ. "టైల్స్ కోసం నా చెట్లను చంపుతున్నవ్!"

చాచా చెంబు కింద పెట్టాడు. ముఖం మీది నీళ్లు కూడా తుడుచుకోలేదు.

"చంపుడా? చంపాలంటే నీళ్లెందుకు పోస్త? పొయ్యకుండ ఊకుంట కద! పోయినేడు నీ గులాబీలు పోతే నువ్వు సక్కగ అన్నం తినలే. ఇవి గూడ పోతే ఎట్లని రోజూ ఇంట్ల వజూ బంద్ జేసి ఈడ కూసుంటున్న. పొద్దుగాల సలిల గూడ!"

చాచీ ఆయనకు తువ్వాలు అందించింది. తర్వాత, అన్నం తిన్నాక గ్లాసుల్లో మిగిలిన నీళ్లు తానూ మడిలోనే పోస్తున్నానని మెల్లగా చెప్పింది. "మోరీల పారబోస్తె పాపం అనిపిస్తది. ఎండకాలం ఒక్క బిందె కోసం ట్యాంకర్ ఎంబడి ఉరికినం."

అసలు విషయం అది. నీళ్ల కరువు చూసిన ఇల్లు కాబట్టి ఎవరి చేతిలో చుక్క మిగిలినా మోరీలోకి పోనివ్వరు. ప్రతివాళ్లూ తాము పోసేది కొంచెమే అనుకున్నారు. ఆ కొంచెమంతా వచ్చి చేరింది నీళ్లు గిట్టని మొక్కల దగ్గరికి.

సరే, ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిందేనని లేచాను. గొంతు సవరించుకుని, దాదీమా ఇచ్చిన గ్లాసులో సగం నీళ్లు తాగి, మొదలుపెట్టాను. "చూడండి, ఈ మొక్కలకు ఒక్క చుక్క కూడా..."

అందరూ నా ముఖం కాదు, నా చెయ్యి చూస్తున్నారు. నేనూ చూసుకున్నాను. గ్లాసులో మిగిలిన నీళ్లు లావెండర్ మొదట్లో ఒంపేసి ఉన్నాను.

"మాషా అల్లా," అంది దాదీమా. "మేం పోస్తె తప్పు, ఇంజనీర్ సాబ్ పోస్తె టెక్నాలజీ."

లచ్చవ్వ గోడ అవతల కనిపించకుండా నవ్వింది. నవ్వు మాత్రం బాగా వినిపించింది.

ఆ నవ్వుల్లోనే ఉపాయం తట్టింది. నా చెయ్యే నా మాట వినకపోతే, వాళ్ల చేతులను ఆపడం ఎవరివల్లా కాదు. చెయ్యిని ఆపలేనప్పుడు నీళ్లకు వేరే దారి చూపాలి. మడికి దూరంగా, నల్లా పక్కన, రేగడిలోనే ఒక గుంత తీశాను. అందులో నాలుగు అరటి పిలకలు, వాటి చుట్టూ పుదీనా నాటాను. అరటి ఎంత పోసినా తాగుతుంది. వజూకు కూర్చోవడానికి ఒక గద్దె, అక్కడి నుంచి గుంతదాకా వాలుగా ఒక కాలువ కావాలి.

"కాలువకు ఏమైనా గట్టిది పరవాలి చాచా," అన్నాను.

చాచా మూలనున్న పెట్టెల వైపు చూశాడు. చాచీ చాచా వైపు చూసింది. చాచా తానే ఒక పెట్టె విప్పి, లుంగీ పైకి కట్టి, గులాబీ రంగు టైల్స్ ఒక్కొక్కటే పేర్చాడు. వాలు సరిగ్గా ఉందో లేదో చూడటానికి టైల్స్ మీద గోలీ దొర్లించే ఆటలో నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. కుళ్లిన మొక్కలు పీకేసి, మిగతావాటి చుట్టూ మట్టి గుల్లచేసి, టైమర్‌ను నెలపాటు కట్టేశాను. ఇంట్లో కొత్త నియమం: చేతిలో నీళ్లుంటే అరటికి. దాదీమా గుంత దగ్గరికి వెళ్లి చూసి తీర్పు చెప్పింది. "గిది చెట్టు లెక్కున్నది. పోస్తె తాగుతది."

రంజాన్ పండుగనాడు నన్నూ పిలిచారు. మిగిలిన పదిహేడు మొక్కలూ నిలబడ్డాయి. రోజ్‌మేరీ నీలంగా పూసింది. జాగాకు ఇక టైల్స్ లేవని చాచా స్వయంగా చుట్టాలకు చెప్పాడు. బూడిదరంగు ఆకు మీది నూగు గురించి, డ్రైనేజ్ గురించి నేను చెప్పిన మాటలే తనవిగా గంటసేపు వివరించాడు. జమ్మికుంట నుంచి వచ్చిన బామ్మర్ది శ్రద్ధగా విని, షర్బత్ మీద తాగిన నీళ్ల గ్లాసులో మిగిలినవి లావెండర్ మీదికి వంచబోయాడు.

"అరటికి! అరటికి!" అని ఇల్లంతా ఒక్కసారే అరిచింది. గోడ అవతలి నుంచి కూడా.

కాలేజీలో మొక్కకు నీళ్ల అవసరం లెక్కగట్టడం నేర్పారు: ఎండ, గాలి, ఆకు వైశాల్యం, మట్టి రకం. ఆ లెక్క ఇప్పటికీ వేస్తాను. కానీ కొత్త ఇంటికి వెళ్తే ముందు మట్టి చూడను. కడిగిన నీళ్లు ఎక్కడ పారబోస్తారు, కాళ్లు ఎక్కడ కడుక్కుంటారు, గోడ అవతల ఎవరుంటారు అని అడుగుతాను. మొక్కలకు తోట గీసే ముందు నీళ్లున్న చేతులకు ఒక చోటు గీస్తాను.

తర్వాతి వానాకాలం ముసురుకు మరో నాలుగు మొక్కలు పోయాయి. పోయిన నెల వెళ్లి లెక్క చూశాను. నాటినవి ఇరవై నాలుగు. బతికినవి పదమూడు. అరటి గెలలు మూడు.